రెండు పేపర్ల నడుమ నిజం దొరకదు

ఏ పేపరు ఏ పార్టీకి కొమ్ము కాస్తుందో తెలుగు పాఠకుడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏ చానెల్ వెనక ఎవరి పెట్టుబడి ఉందో బస్టాండులో టీ తాగుతున్న మనిషిని అడిగినా చెబుతాడు. అసెంబ్లీలో జరిగిన ఒకే చర్చ ఒక పత్రికలో ప్రతిపక్షాన్ని అధికార పక్షం కడిగేసినట్టు, మరో పత్రికలో ప్రతిపక్షం గొంతు నొక్కేసినట్టు కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంత తెలిసిన పాఠకుడు తన జాగ్రత్త కోసం ఒక పద్ధతి కూడా పెట్టుకున్నాడు. రెండు పేపర్లూ చదువుతాడు. నిజం ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుందిలే అనుకుని పేపరు మడిచేస్తాడు.

బాగా చదువుకున్నవాళ్లు కూడా ఈ పద్ధతిని గొప్పగా చెప్పుకోవడం వింటుంటాం. కానీ ఇది పనికొచ్చే పద్ధతి కాదు. ఎక్కడో కాలువకు గండి పడిందనుకోండి. అధికారుల నిర్లక్ష్యమని ఒక పత్రిక రాస్తుంది, గత ప్రభుత్వ పాపమని మరో పత్రిక రాస్తుంది. ఆ కాలువ మరమ్మతుకు ఏ ఏడాది ఎంత మంజూరైంది, పని ఎవరు చేశారు, బిల్లు ఎప్పుడు చెల్లించారు అన్నవి నీటిపారుదల శాఖ కాగితాల్లో ఉంటాయి. ఆ కాగితాలు ఇద్దరు విలేకరుల్లో ఎవరూ చూడకపోతే, ఇద్దరి రాతలకూ సగటు తీసి మనం రాబట్టేది ఏమీ లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పార్టీల దగ్గర కొట్టుకునే పత్రికలు కొన్ని విషయాల దగ్గర ఒక్కమాట మీద ఉంటాయి. ఆ విషయాలు ఈ సగటు లెక్కలోకి అసలు రానే రావు.

మొదట తగువు పడే సంగతి చూద్దాం, అది మనకు అలవాటైనదే కాబట్టి. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు తర్వాతి దశాబ్దంలో ఒక పార్టీ పుట్టుకకు తోడు నిలిచింది. 2008లో 23 ఎడిషన్లతో ఒకేసారి వచ్చిన సాక్షి మరో రాజకీయ కుటుంబం పెట్టిన పత్రిక. 2011లో నమస్తే తెలంగాణ ఉద్యమ పార్టీ గొంతుగా వచ్చింది. ఇవేవీ దాచిన విషయాలు కావు. ప్రభుత్వాలు పత్రికల మీద కన్నెర్ర చేసిన సందర్భాలూ దాచినవి కావు. తప్పుడు వార్తలు రాసే పత్రికల మీద కేసులు పెట్టే అధికారం అధికారులకిస్తూ 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జీవో 938 తెచ్చింది. నిరసనలతో దాన్ని పక్కన పెట్టింది. 2019లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం జీవో 2430తో ఇంచుమించు అదే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆపేశారు. సరిగ్గా పదేళ్లకు, 2024 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో అధికారం మారాక అక్కడి కేబుల్‌లో సాక్షి టీవీతో పాటు మరికొన్ని చానెళ్లు మాయమయ్యాయి. ఒక్కోసారి ఒక్కో పార్టీ అధికారంలో ఉంది. ప్రతిసారీ మనలో సగం మంది పత్రికా స్వేచ్ఛ అన్నారు, మిగతా సగం తగిన శాస్తి జరిగిందన్నారు. తర్వాతిసారి ఆ సగాలు తారుమారయ్యాయి.

ఇప్పుడు తగువు లేని చోటికి వద్దాం.

ఎంట్రన్స్ పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ పేపరు తీసినా మొదటి పేజీ కనబడదు. దాన్ని కప్పుతూ కార్పొరేట్ కాలేజీల జాకెట్ ప్రకటన ఉంటుంది, దాని వెనక మరొకటి ఉంటుంది. ఒకే ర్యాంకు విద్యార్థి ఫొటో రెండు సంస్థల ప్రకటనల్లో కనిపించడం కూడా మనకు కొత్త కాదు. కోచింగ్ సంస్థల తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేకంగా మార్గదర్శకాలు జారీ చేయాల్సి వచ్చింది. అదే కాలేజీ హాస్టల్లో ఒక పిల్లవాడు చనిపోతే లోపలి పేజీలో వచ్చే వార్తను చూడండి. ‘నగర శివారులోని ఓ ప్రైవేటు కళాశాల’ అని ఉంటుంది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, చివరికి కులవృత్తి కూడా రాస్తారు. కాలేజీ పేరు మాత్రం రాయరు. ఈ ఒక్క విషయంలో పార్టీలతో నిమిత్తం లేకుండా చాలా పత్రికలు ఒక్కలాగే ఉంటాయి. రెండు పేపర్లు కొన్న పాఠకుడు ఇక్కడ రెండుసార్లు మోసపోతాడు.

రియల్ ఎస్టేట్‌దీ ఇదే దారి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును రిజిస్టర్ చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదని 2016 నాటి ఆ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అంటూ కనబడే రంగుల పేజీలో రెరా నంబరు ఉందో లేదో చూడటం, ఉంటే రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో సరిపోల్చుకోవడం రెండు నిమిషాల పని. ఆ పని పత్రిక చేసి పెట్టదు. ప్రకటనలోని విషయాలకు తమది బాధ్యత కాదని ఏ మూలో చిన్న అక్షరాల్లో వేసి ఊరుకుంటుంది. కొన్నవాళ్లు నిండా మునిగి పోలీసు స్టేషన్ ముందు బైఠాయించాక అదే సంస్థ పేరు పతాక శీర్షికలో వస్తుంది. కేసు నమోదైంది కదా, ఇక పేరు రాయడానికి భయం లేదు.

ఇది ఎవరో ఒకరి దుర్మార్గం అనుకుంటే విషయం అర్థం కాదు. మనం పేపరుకిచ్చే డబ్బులు దాని కాగితం ఖర్చుకు కూడా సరిపోవు. మిగతాది ప్రకటనదారు భరిస్తాడు, ప్రభుత్వం భరిస్తుంది. ప్రభుత్వ ప్రకటనల్లో నాయకుల ఫొటోల మీద సుప్రీంకోర్టు 2015లో హద్దులు పెట్టింది. మరుసటి ఏడాదే ముఖ్యమంత్రులకు, మంత్రులకు వెసులుబాటు ఇచ్చింది. వాళ్ల ఫొటోలు మళ్లీ పేజీల నిండా పరచుకున్నాయి.

ప్రకటనను ప్రకటనగా వేస్తే పాఠకుడు కనీసం గుర్తుపడతాడు. వార్త వేషంలో వేస్తే? 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర ప్యాకేజీలు మాట్లాడుకుని వార్తలు వేసిన తీరు మీద అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ గొంతెత్తింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండోవారు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్‌రెడ్డి. వాళ్లు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ 2010లో దాన్ని కత్తిరించి, పేర్లు లేని చిన్న నివేదిక విడుదల చేసింది. సమాచార హక్కు కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే 2011లో గానీ పూర్తి నివేదిక బయటికి రాలేదు. పత్రికల తప్పును పత్రికల సొంత వేదికే దాచిపెట్టిన ఉదంతం ఇది. అదే ఏడాది, పెయిడ్ న్యూస్ ఖర్చును లెక్కల్లో చూపనందుకు ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. డబ్బిచ్చిన మనిషికి శిక్ష పడింది. పుచ్చుకున్న పత్రికలను శిక్షించే అధికారం ప్రెస్ కౌన్సిల్‌కు చట్టమే ఇవ్వలేదు. అది మందలించగలదు, అంతే. టీవీ చానెళ్లయితే దాని పరిధిలోకే రావు.

రాజధానుల్లో యజమానులు, సంపాదకులు, రాజకీయ నాయకుల గురించి ఎంత రాసినా తెలుగు వార్త అసలు పుట్టే చోటు మండలం. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి. దాంతో మండలానికో కంట్రిబ్యూటర్ అవసరమయ్యాడు. అతను ఉద్యోగి కాదు. అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే ‘లైన్ అకౌంట్’ పెట్రోలుకు చాలదు. అక్రిడిటేషన్ కార్డు, కాస్త గుర్తింపు, ప్రకటనల మీద కమీషన్ ఉంటాయి. ఆ కమీషనే అతని బతుకుతెరువు, మెడమీద కత్తీ. సంక్రాంతి, ఉగాది, ఆగస్టు 15, పత్రిక వార్షికోత్సవం వస్తే అతనికి టార్గెట్ పడుతుంది. ‘శుభాకాంక్షలతో’ ప్రకటన కోసం సర్పంచి ఇంటికి, రైసుమిల్లుకు, ఇసుక కాంట్రాక్టరు దగ్గరికి, కొత్తగా తెరిచిన నర్సింగ్ హోమ్‌కు తిరుగుతాడు. పండగ వెళ్లిన వారానికి అదే మిల్లులో రేషన్ బియ్యం రీసైక్లింగ్ జరుగుతోందని తెలిస్తే అతను ఏం రాయాలి?

రాసేది సాధారణంగా ఇలా ఉంటుంది. పేరున్న ఏ పేపరు నుంచీ తీసింది కాదు, అన్నిట్లోనూ రోజూ కనబడే అచ్చు ఇది: ‘మండలంలోని పలు గ్రామాల్లో మట్టి తవ్వకాలు జోరుగా సాగుతున్నాయి. దీని వెనుక ఓ ప్రజాప్రతినిధి అండదండలు ఉన్నట్లు ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి. అధికారులు చూసీచూడనట్లు వ్యవహరిస్తున్నారని స్థానికులు వాపోతున్నారు.’

చదవగానే ధైర్యంగా రాసినట్టే అనిపిస్తుంది. ఒక్కో ముక్క విప్పి చూడండి. పలు గ్రామాలంటే ఏవి? సర్వే నంబరు లేదు. తవ్వుతున్నది ప్రభుత్వ భూమా, పట్టా భూమా, చెరువా తెలియదు. గనుల శాఖ అనుమతి ఉందో లేదో రాయలేదు. ఉంటే ఎన్ని క్యూబిక్ మీటర్లకో రాయలేదు. ప్రజాప్రతినిధి అంటే వార్డు మెంబరు నుంచి ఎంపీ దాకా ఎవరైనా కావచ్చు. వెల్లువెత్తిన ఆరోపణల్లో ఒక్కటి కూడా ఒక మనిషి పేరుతో లేదు. తహసీల్దారు వివరణ లేదు, అడిగామన్న మాటా లేదు. మూడు వాక్యాల్లో తనిఖీ చేసుకోగల సంగతి ఒక్కటీ లేదు. ఇలాంటి వార్త కొన్నిసార్లు పాఠకుడి కోసం రాసిందే కాదు. అది ఆ మట్టి తవ్వేవాడికి అందాల్సిన కబురు. అందాక తర్వాతి వారం వార్త ఆగిపోతే, తవ్వకం ఆగిందో, కబురు పని చేసిందో మనమే ఊహించుకోవాలి. ఒక ఆరోపణ రెండుమూడు రోజులు జోరుగా వచ్చి చప్పున ఆగిపోయినప్పుడు అనుమానించడం పాఠకుడు నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విద్య. దాన్ని ఎవరూ నేర్పరు.

అదే విషయాన్ని సర్వే నంబరుతో, అనుమతి పత్రంలోని పరిమాణంతో, రోజుకు తిరిగిన టిప్పర్ల లెక్కతో, తహసీల్దారు చెప్పిన జవాబుతో రాసే కంట్రిబ్యూటర్లూ ఉన్నారు. వాళ్ల మీద దాడులు జరుగుతాయి, కేసులు పడతాయి, యాజమాన్యం చేతులు దులిపేసుకుంటుంది. పేరు చెప్పని వర్గాలను వాడటం కొన్ని వార్తలకు తప్పదు కూడా. పేరు బయటపడితే ఉద్యోగం పోయే గుమాస్తాను కాపాడటం విలేకరి ధర్మం. కాకపోతే ఆ గుమాస్తా ఇచ్చిన కాగితం గురించైనా వార్తలో ఉండాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబురు రాష్ట్రమంతా పాకిందంటే పల్లెల విలేకరులు రాసింది కూడా ఒక కారణం. అప్పట్లో ఈనాడు ఆ ఉద్యమానికి పేజీలకు పేజీలు ఇచ్చింది. దాని వెనక రాజకీయ లెక్కలున్నాయన్న విమర్శ ఉంది. ఉండొచ్చు. కానీ ఆ వార్తల్లో ఊళ్ల పేర్లున్నాయి, మనుషుల పేర్లున్నాయి, పోయి చూసుకోగల సంగతులున్నాయి. పక్షపాతం ఉన్న పత్రిక కూడా తనిఖీకి నిలిచే వార్త రాయగలదు. ఏ పక్షమూ లేని పత్రిక పనికిమాలిన వార్త రాయగలదు. అందుకే పాఠకుడు పత్రిక పేరుకు మార్కులు వేయడం మానేసి వార్తకు వేయాలంటున్నాను.

సర్వేల సంగతి మరీ విచిత్రం. తెలంగాణలో 2018 ఎన్నికలప్పుడు మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ తన సర్వే ప్రకారం కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజాకూటమి వైపు మొగ్గుందన్నారు. టీఆర్ఎస్ 119లో 88 గెలిచింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం వస్తుందన్నారు. వైఎస్సార్‌సీపీ 175లో 151 గెలిచింది. జోస్యం తప్పడం నేరమేమీ కాదు. కానీ ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని బిరుదిచ్చి గంటల తరబడి చర్చలు పెట్టిన చానెళ్లు ఆయన చెప్పిన అంకెల మీద చూపిన ఉత్సాహం, ఎంతమందిని అడిగారు, ఏ తేదీల్లో అడిగారు, ఖర్చెవరిది అన్న ప్రశ్నల మీద చూపలేదు. ఈ మూడూ లేకుండా తెర మీదికొచ్చే ఏ సర్వే అయినా ఒక మనిషి అభిప్రాయం, అంతే.

టీవీ గురించి ఎక్కువ చెప్పను. నటి శ్రీదేవి మరణాన్ని వివరించడానికి స్నానాల తొట్టిలో పడుకున్న విలేకరిని చూశాక చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు చనిపోతున్న సంగతి స్థానిక వైద్యులు, విలేకరులు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ అక్కడికి వెళ్లాక అది అన్ని తెరల మీదా మోగింది. జిల్లా పేజీలో పుట్టిన వార్త ఆ జిల్లా దాటాలంటే ఎవరో సినిమా మనిషి చెయ్యి పట్టుకోవాలి.

పత్రిక పేరు చూసి నమ్మే అలవాటే వాట్సాప్‌లో పంపినవాడి పేరు చూసి నమ్మే అలవాటుగా మారింది. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు, పార్థీ గ్యాంగులు తిరుగుతున్నాయన్న వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకి, ముక్కూమొహం తెలియని బాటసారుల ప్రాణాలు తీశాయి. ఆ వీడియో పంపింది మేనమామో, పెద్దమ్మ కొడుకో. వాళ్లు అబద్ధమెందుకు చెబుతారు? అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ ప్రశ్నకు విరుగుడు సరిగ్గా పట్టుకున్నారు. ప్రెస్ నోట్ ఇచ్చి ఊరుకోకుండా ఊరికో పోలీసును పంపి మాట్లాడించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించారు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకేసారి ఐదు చాట్లకు పరిమితం చేసింది. తర్వాతి ఎన్నికలకు అబద్ధం వేషం మార్చింది. పేరున్న పత్రికల, వార్తా యాప్‌ల లోగోలు అతికించిన నకిలీ క్లిప్పింగులు వచ్చాయి. వీటికి విరుగుడు సులువే. ఆ తేదీ ఈ-పేపరు తెరిచి చూస్తే ఆ పేజీలో ఆ వార్త ఉండదు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు ఈ పని రోజూ తెలుగులో చేసి పెడుతున్నాయి. ఫార్వర్డ్ చేసేటప్పుడున్న తీరిక తెరిచి చూసేటప్పుడు మనకు ఉండదు.

పత్రిక ఎవరిదో తెలుసుకోవాలంటే చెవిలో చెప్పేవాళ్లు అక్కర్లేదు. 2024 దాకా అమల్లో ఉన్న 1956 నాటి నిబంధనల ప్రకారం ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి దాటాక వచ్చే మొదటి సంచికలో ఫారం-4 అచ్చు వేయాల్సి ఉండేది. అందులో సంపాదకుడు, ప్రచురణకర్త పేర్లతో పాటు మూలధనంలో ఒక శాతం మించి వాటా ఉన్నవాళ్ల పేర్లూ ఉండేవి. పాత మార్చి సంచికల మూలల్లో అది దొరుకుతుంది. జీవో గురించి వార్త వస్తే జీవోనే చదవొచ్చు, ఒకటి రెండు పేజీలే ఉంటుంది. కాకపోతే 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను అందరికీ కనబడే వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలైంది. ఆ మూడేళ్లూ చాలా జీవోల విషయంలో పాఠకుడికి పత్రికలు చెప్పిందే జీవో. పేపర్ల పక్షపాతం గురించి గొంతు చించుకునే మనం ఈ తలుపు మూసినప్పుడు పెద్దగా గోల చేయలేదు.

తప్పు రాసినప్పుడు అడగటమూ మనకు అలవాటు లేదు. హిందూ పత్రిక 2006లో రీడర్స్ ఎడిటర్‌ను పెట్టుకుంది, ఏ పేజీలో ఏం తప్పు పడిందో అచ్చు వేస్తుంది. మన దినపత్రికల్లో ‘సవరణ’ అన్న రెండు లైన్లు కనబడటమే అరుదు. లీగల్ నోటీసు వస్తే తప్ప వేయరు. అయితే నగర పాఠకుడికి లేని సౌకర్యం ఒకటి పల్లె పాఠకుడికి ఉంది. ఆ వార్త రాసిన కంట్రిబ్యూటర్ సాయంత్రం అదే సెంటర్లో ఉంటాడు. ‘ఏం తమ్ముడూ, ఆ మట్టి వార్తలో సర్వే నంబరు ఎందుకు లేదు, ఎమ్మార్వోని అడగలేదా?’ అని పదిమంది ముందు అడిగితే అతను నొచ్చుకోవచ్చు. అడిగే పదిమంది ఉన్నారని తన వార్తలు దిద్దే జోన్ డెస్క్‌కు ఫోన్ చేసి చెప్పుకోవడానికి ఆ మాట అతనికి పనికొస్తుంది కూడా. పండగ ప్రకటనకు డబ్బులిచ్చిన మిల్లు యజమాని మాట ఇప్పటికే డెస్క్‌కు చేరుతోంది.